పాలు మాన్పించడానికి మల్లెపూలు పనిచేస్తాయా?

ప్రశ్న: బాబుకు ఏడాదిన్నర. పాలు మాన్పిస్తున్నాను. రొమ్ములకు మల్లెపూలు కట్టుకుంటే పాలు తగ్గుతాయని అందరూ చెబుతున్నారు, నిజమేనా? మల్లె నూనె, టీ కూడా వాడొచ్చా?

జవాబు: ఇది వట్టి నమ్మకం కాదమ్మా. 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో, బాలింతల రొమ్ములకు పూలు కట్టి ఉంచితే పాలూ, పాలను పెంచే ప్రొలాక్టిన్ హార్మోనూ తగ్గాయి. కానీ అది చిన్న అధ్యయనం, కాబట్టి పూల మీదే భారం వేయకుండా రోజుకో పూట చొప్పున కాకుండా నాలుగైదు రోజులకో పూట పాలు మానేస్తూ రండి, ఒంటికీ బాబుకీ కూడా అదే సుఖం. పూలు కట్టుకుంటే బాగా కడిగినవే కట్టుకోండి, కొన్న పూల మీద పురుగుమందు ఉంటుంది. దురద వస్తే వెంటనే తీసేయండి. రొమ్ము ఎర్రబడి గట్టిగా నొప్పెడుతూ జ్వరం వస్తే ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేస్తే చీము పడుతుంది.

సీసాలో అమ్మే మల్లె ఎసెన్షియల్ ఆయిల్ తాగకూడదు, నేరుగా రాయకూడదు. చెంచా కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలిపి, ముందు మోచేతి మడత దగ్గర రాసి ఒక రోజు చూడండి. బాబు నోరు తగిలే చోట మాత్రం వద్దు. మల్లె టీ అంటే చాలావరకు పూల వాసన పట్టించిన గ్రీన్ టీయే, అందులో కెఫీన్ ఉంటుంది, రాత్రిపూట తాగితే నిద్ర పట్టదు.

ఇంకొకటి, పసుపు పచ్చగా గంటల్లా పూసే కరోలినా జాస్మిన్ అసలు మల్లె జాతే కాదు, విషం. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.