పాఠకుల ప్రశ్నలు: ప్లాట్‌ఫాం సగం ఖాళీగా ఉండగానే గేటు ఎందుకు మూస్తారు?

ప్రశ్న: భూగర్భ స్టేషన్లలో రద్దీ వేళ టికెట్ గేట్లు మూసేసి జనాన్ని పైనే నిలబెట్టేస్తారు. తీరా దిగి చూస్తే ప్లాట్‌ఫాం సగం ఖాళీ. ఇది అతి జాగ్రత్త కాదా?

జవాబు: కాదు. సగం ఖాళీగా ఉన్నప్పుడే మూయాలి, నిండాక మూస్తే చేయి దాటిపోయినట్టే. లెక్క చూడండి. 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న ప్లాట్‌ఫాం అంటే 480 చదరపు మీటర్లు. పసుపు గీత అవతలి చోటు, స్తంభాలు, బెంచీలు, మెట్ల మొదళ్లు తీసేస్తే నిలబడటానికి 300 మిగిలిందనుకుందాం. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 600 మంది కుదురుగా నిలబడగలరు. మీటరు వెడల్పు ఎస్కలేటర్ సెకనుకు అర మీటరు వేగంతో నిమిషానికి సుమారు 100 మందిని దించుతుంది. రెండుంటే 200. రైలు మూడు నిమిషాలు రాకపోతే చాలు, ఖాళీ ప్లాట్‌ఫాం నిండిపోతుంది.

అసలు చిక్కు దారిలో ఉన్నవాళ్లతోనే. గేటు నుంచి ప్లాట్‌ఫాంకి నిమిషంన్నర పడితే, గేటు మూసిన క్షణానికే మరో 300 మంది నడవాల్లో, ఎస్కలేటర్ల మీద ఉంటారు. వాళ్లను వెనక్కి పంపలేం. కాబట్టి కింద 300 మంది ఉండగానే గేటు పడాలి. పైగా జనం సమంగా సర్దుకోరు. మెట్ల దగ్గర చదరపు మీటరుకు నలుగురు నిలబడితే చివరి డబ్బా ఆగే చోట ఒక్కరూ ఉండరు. కంట్రోల్ గదిలో మొత్తం ప్లాట్‌ఫాం సగటు చూసి ధీమాగా ఉండటం ప్రమాదకరం. మెట్ల మొదట్లో ఉన్న కెమెరానే చూడాలి.

ఎక్కడ ఆపుతున్నామన్నది అంతకంటే ముఖ్యం. ముందు లోపలికి వచ్చే గేట్లలో సగం మూయాలి, ఆ తర్వాత అన్నీ, అప్పటికీ టికెట్ హాలు నిండుతుంటే వీధి ద్వారం. బయటికి వెళ్లే గేట్లు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. మెట్ల మీద, ఎస్కలేటర్ దిగే చోట జనాన్ని నిలపనే కూడదు. 1943 మార్చి 3న లండన్‌లో, ఇంకా రైళ్లు మొదలుకాని బెత్నల్ గ్రీన్ భూగర్భ స్టేషన్‌లోకి యుద్ధకాలపు వైమానిక దాడి భయంతో జనం తలదాచుకోవడానికి దిగుతుండగా మసక వెలుతురులో మెట్ల అడుగున ఒకరు పడిపోయారు. మెట్ల మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. కింద ఏం జరిగిందో తెలియక పైవాళ్లు దిగుతూనే ఉన్నారు. అక్కడ బాంబు పడలేదు, అయినా 173 మంది చనిపోయారు. వెనకున్నవాళ్లకు సంగతి తెలియాలని మేం పట్టుబట్టేది ఇందుకే. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అనే ప్రకటన ఎవరికీ పనికిరాదు. ‘ప్లాట్‌ఫాం నిండింది, రెండు రైళ్లు వెళ్లాక గేట్లు తీస్తాం’ అంటే తోపులాట తగ్గుతుంది.

ప్రశ్న: ఎస్కలేటర్ మీద ఒక పక్క నడిచేవాళ్లకు వదలడం మంచిదేనా?

జవాబు: పొట్టి ఎస్కలేటరైతే పెద్ద తేడా ఉండదు. ఎత్తైన చోట నష్టం. నడిచే ఓపిక కొద్దిమందికే ఉంటుంది కాబట్టి ఆ పక్క మెట్లు ఖాళీగా పోతుంటాయి, అడుగున క్యూ పెరుగుతుంది. ఎస్కలేటర్లు 23 మీటర్లకు పైగా ఎత్తున్న లండన్ హోల్బర్న్ స్టేషన్‌లో 2015 చివర్లో రెండు పక్కలా నిలబడమని చెప్పి చూస్తే, రద్దీ వేళ పైకి చేరినవాళ్లు సుమారు 30 శాతం పెరిగారు.

దిగే ఎస్కలేటర్‌తో మరో ముప్పు ఉంది. కింద చోటు లేకపోయినా అది మనుషుల్ని తెచ్చి పోస్తూనే ఉంటుంది. అలాగని జనంతో నిండి ఉండగా మీట నొక్కి ఆపితే ముందుకు పడిపోతారు. పైన అడ్డుపెట్టి, ఖాళీ అయ్యాక ఆపాలి. ఆగిన ఎస్కలేటర్‌ను మెట్లుగా వాడుకోమనడం కూడా తేలిక కాదు. దాని మెట్లు మామూలు మెట్లకంటే ఎత్తు, మొదట్లో చివర్లో ఎత్తులు మారుతుంటాయి, కాలు తడబడుతుంది.

ప్రశ్న: రెండు నిమిషాలకో రైలు ఉన్నా రద్దీ ఎందుకు తగ్గదు?

జవాబు: తలుపుల దగ్గరే సమయం పోతుంది. రెండు నిమిషాలకొకటి అంటే గంటకు 30 రైళ్లు. తోపులాట వల్ల ప్రతి రైలూ 30 సెకన్లు ఎక్కువ ఆగితే రెండున్నర నిమిషాలకొకటి, అంటే 24 రైళ్లే. రైలుకు వెయ్యిమంది చొప్పున గంటకు 6,000 మంది మిగిలిపోతారు. వాళ్లు పోగయ్యేకొద్దీ తర్వాతి రైలు ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. తలుపులకు రెండు పక్కలా నిలబడి, దిగేవాళ్లకు మధ్యలో దారి వదిలితే ఈ సెకన్లు దక్కుతాయి.

ప్రశ్న: గుంపులో ఇరుక్కుపోతే ఏం చేయాలి?

జవాబు: చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే అడుగు మన చేతిలో ఉండదు. ఆ ఒత్తిడికి ఛాతీ వ్యాకోచించలేక నిలబడి ఉన్నవాళ్లకే ఊపిరి ఆగిపోవచ్చు. మోచేతులు ముడిచి రెండు చేతులూ ఛాతీ ముందు ఉంచుకోండి, ఊపిరికి చోటు మిగులుతుంది. ప్రవాహానికి ఎదురు వెళ్లకండి. అది నెమ్మదించినప్పుడల్లా ఏటవాలుగా ఒక పక్కకు జరగండి. గోడకు, కమ్మీకి ఆనుకుని ఇరుక్కోవద్దు. ఫోన్ పడినా వంగొద్దు. పిల్లలుంటే భుజాల ఎత్తుకు లేపండి. పడిపోతే వెల్లకిలా ఉండకుండా పక్కకు తిరిగి, మోకాళ్లు ముడిచి, చేతులతో తల కప్పుకోండి, వీలు చిక్కగానే లేవండి.