సర్టిఫికెట్ తర్వాత అడుగు: క్లౌడ్ ఓపెన్ సోర్స్‌లో తొలి బగ్

ప్రశ్న: బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ వచ్చు, క్లౌడ్‌లో ఒక సర్టిఫికెట్ ఉంది. ఓపెన్ సోర్స్ క్లౌడ్ ప్రాజెక్టుల్లో బగ్‌లు సరిచేస్తే ఉద్యోగ ప్రయత్నాలకు బలమని సీనియర్లు చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుందా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: పైథాన్ వచ్చు కాబట్టి ఓపెన్‌స్టాక్ మీకు తగిన ప్రాజెక్టు. 2010లో నాసా, రాక్‌స్పేస్ కలిసి ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ను టెలికాం కంపెనీలూ, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రమూ సొంత క్లౌడ్‌లు నడపడానికి వాడుతున్నాయి. మరో క్లౌడ్ ప్రాజెక్టు కుబెర్నెటీస్‌పై విద్యార్థులకు మోజు ఎక్కువే గానీ, దానికి గో అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి; చేతిలో ఉన్న భాషతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఓపెన్‌స్టాక్‌లో వర్చువల్ మెషీన్ల పని నోవాది, నెట్‌వర్క్ న్యూట్రాన్‌ది, డిస్కులు సిండర్‌వి. వీటిలో ఒక్కదాన్నే ఎంచుకొని, బగ్‌లను నమోదు చేసే లాంచ్‌ప్యాడ్ వెబ్‌సైట్‌లో దాని బగ్‌ల జాబితా తెరిచి, కొత్తవారికి అనువైనవని 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' అనే ట్యాగ్ తగిలించిన వాటిని చూడండి. అప్పటికే ఎవరైనా దాన్ని తమ పేరిట తీసుకున్నారా, ప్యాచ్ (సరిచేసిన కోడ్) పంపారా అన్నది ముందే సరిచూసుకోవాలి.

చాలామంది బగ్ దొరకగానే కోడ్ మార్చడానికి తొందరపడతారు. అంతకంటే ముందు ఆ లోపం మీ దగ్గర మళ్లీ కనిపించాలి. ఉదాహరణకు, లేని వాల్యూమ్ (వర్చువల్ డిస్క్) గురించి అడిగితే 'దొరకలేదు' అని చెప్పే 404 రావలసిన చోట, సర్వర్ తనలోనే లోపమని చెప్పే 500 ఇస్తోందనుకుందాం. 404 వస్తుందని ఆశించే చిన్న యూనిట్ టెస్ట్‌ను, అంటే కోడ్‌లో ఒక చిన్న భాగాన్ని మాత్రమే పరీక్షించే కోడ్‌ను, ముందు రాయండి. ఇప్పుడున్న కోడ్‌పై అది ఫెయిల్ కావాలి. ఏ ఫంక్షన్‌లో ఏ ఎక్సెప్షన్‌ను (కోడ్ నడుస్తుండగా వచ్చే లోపాన్ని) పట్టుకోకుండా వదిలేశారో వెతికి సరిచేశాక అదే టెస్ట్ పాసవ్వాలి. సరిచేసింది రెండు లైన్లే కావచ్చు, కానీ ఆ రెండు లైన్లను వెతికి పట్టుకోవడానికి మీరు చదివిన కోడే మీకు మిగిలే అసలు చదువు.

మీ ల్యాప్‌టాప్ విషయంలో దిగులు వద్దు. మొత్తం ఓపెన్‌స్టాక్‌ను ఒకే మెషీన్‌పై నిలబెట్టే డెవ్‌స్టాక్‌కు 8 జీబీ ఇరుకే, నిజమే. అయితే పైన చెప్పినలాంటి బగ్‌కు టాక్స్ అనే పైథాన్ సాధనంతో యూనిట్ టెస్టులు నడిపితే చాలు. ప్యాచ్‌ను, సమీక్ష జరిగే గెరిట్ వెబ్‌సైట్‌కు పంపాక, జూల్ అనే వ్యవస్థ తన సర్వర్లపై డెవ్‌స్టాక్ నిలబెట్టి పెద్ద పరీక్షలన్నీ తానే నడుపుతుంది.

ప్యాచ్‌తో పాటు రాసే వివరణను, అంటే కమిట్ మెసేజ్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మొదటి వరుస సుమారు 50 అక్షరాల్లో ముగియాలి. కింద ఏం మార్చారో కంటే ఎందుకు మార్చారో రాసి, చివర 'క్లోజెస్ బగ్' అంటూ బగ్ నంబర్ ఇవ్వాలి. ఇంగ్లిష్ గొప్పగా ఉండనక్కరలేదు, స్పష్టంగా ఉంటే చాలు.

సాధారణంగా, ఆమోదించే అధికారం ఉన్న కోర్ రివ్యూయర్లు ఇద్దరు ప్లస్ 2 (ఆమోదం) ఇస్తేనే ప్యాచ్ కోడ్‌లో కలుస్తుంది. అంతకు ముందు మైనస్ 1 రావడం మామూలే. మన పిల్లలు దాన్ని పరీక్షలో తప్పినట్టు భావించి అక్కడే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అది ఫలానా చోట సవరించమన్న సూచన మాత్రమే. సవరించి, అదే ప్యాచ్‌కు కొత్త రూపంగా మళ్లీ పంపండి. ఒక్కోసారి జవాబు రావడానికి వారాలు పడుతుంది. ఆరు నెలలకోసారి వచ్చే విడుదలకు ముందు రివ్యూయర్లకు తీరిక ఉండదు. ఆ వ్యవధిలో ఇతరుల ప్యాచ్‌లు చదివి, అర్థమైన మేరకు వ్యాఖ్యలు రాస్తూ ఉండండి.

ఉద్యోగం సంగతికి వస్తే, ఒక ప్యాచ్ కలిసినంత మాత్రాన అది ఖాయం కాదు. రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్' అని రాసి వదిలేయకుండా ఆ రివ్యూ లింక్‌నే ఇవ్వండి. ఇంటర్వ్యూ చేసేవారు దాన్ని తెరిస్తే మీ కోడే కాక, అభ్యంతరాలకు మీరిచ్చిన సమాధానాలూ కనిపిస్తాయి. అందులోని ప్రతి లైన్ ఎందుకు రాశారో చెప్పగలిగేలా సిద్ధపడి వెళ్లండి.