రెండు స్విచ్‌ల పెట్టె గురించి మేనల్లుడికి

అల్లుడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు కట్టే రెండు స్విచ్‌ల గిటార్ పెడల్ (గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కే పెట్టె) సర్క్యూట్ బొమ్మ అందాయి. బొమ్మ శుభ్రంగా గీశావు. ఉత్తరమే నచ్చలేదు. "నేను ఇంజినీర్ని కాదు కదా మావయ్యా, పెడల్‌తో పాటు ఇచ్చే కాగితంలో నా గురించి ఏం రాసుకోను?" అని అడిగావు. ఆ బెరుకుకీ, నీ సర్క్యూట్‌లో నాకు కనిపించిన లోపానికీ సంబంధం ఉంది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

ఎడమ వైపు ట్యూబ్ స్క్రీమర్, అంటే ఐబనెజ్ వాళ్ళ పేరున్న ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కావాలని పగలగొట్టే) పెడల్; కుడి వైపు కూడా ఇంచుమించు అదే. విలువలు సరిగ్గానే దించావు. ఏ వైపుకి ఆ వైపు మోగుతుంది కూడా. కానీ ఈ పెట్టెలో నువ్వెక్కడున్నావు? పదకొండేళ్ళు ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించావు. సోలో మొదలయ్యేసరికి కీబోర్డు మీద పడి మింగేస్తోందని నా దగ్గర ఎన్నిసార్లు మొత్తుకున్నావు? ఆ మొత్తుకోలే నీ చదువు. దాన్ని పక్కన పెట్టి ఎవరిదో సర్క్యూట్ దించడం దేనికి?

ఈ పనిలో పేరొచ్చినవాళ్ళని చూడు. గ్లెన్ స్నాడీ రికార్డింగ్ ఇంజినీరు. ఒకరోజు స్టూడియో మిక్సర్‌లో ఒక ఛానల్ చెడిపోయి గిటార్ శబ్దం చిరిగిపోయి వచ్చింది. ఇంకొకరైతే బాగుచేసి మర్చిపోయేవారు. ఆయన మాత్రం అదే చిరుగుని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూట్ కట్టాడు. 1962లో గిబ్సన్ వాళ్ళు మాయెస్ట్రో ఫజ్-టోన్ అని దాన్ని మార్కెట్లోకి తెచ్చారు. రోజర్ మేయర్ బ్రిటిష్ నౌకాదళ విభాగంలో కంపనాలు, ధ్వనుల విశ్లేషణ చేసేవాడు. అక్కడ పనిచేసిన బుర్రతోనే గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కి ఆక్టేవియా అనే పెడల్ చేసిచ్చాడు. 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ అనే పెడల్ కంపెనీ పెట్టిన మైక్ మాథ్యూస్ అంతకుముందు ఐబీఎంలో కంప్యూటర్లు అమ్మేవాడు. బిల్ ఫిన్నెగన్ అయితే అచ్చం నీలాంటివాడే. గిటారిస్టు. తనకి కావలసిన ఓవర్‌డ్రైవ్ దొరక్క, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళ సాయం తీసుకుని, 1994లో క్లాన్ సెంటార్ అనే పెడల్ పూర్తిచేశాడు. ఇది బాగుంది, ఇది బాలేదు అని తేల్చిన చెవి మాత్రం ఆయనదే.

నా సంగతి నీకు తెలిసిందే. ముప్పై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు, స్టేజి ఆంప్లిఫయర్లు రిపేరు చేశాను. "సౌండ్ పగులుతోంది సార్" అంటూ తెచ్చేవాళ్ళు, నేను పగలకుండా చేసి పంపేవాణ్ణి. చిరిగిన స్పీకరు ఒకలా పగులుతుంది, చావబోతున్న అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు ఒకలా, కరెంటు చాలని సెట్టు ఇంకోలా. కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పేవాణ్ణి. అలాంటిది ఒక కుర్రాడొచ్చి, బాగున్న శబ్దాన్ని పగలగొట్టే పెట్టె చేసిపెట్టమన్నాడు. ఆ రోజు నవ్వొచ్చింది కానీ, పగుళ్ళ రకాలు తెలిసి ఉండడమే నాకు పనికొచ్చింది.

ఇక సర్క్యూట్‌కి వద్దాం. సిగ్నల్‌ని పెంచి డయోడ్ల గోడకి కొట్టించడమే ఓవర్‌డ్రైవ్. మామూలు సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గర అడ్డుపడుతుంది, జెర్మేనియం 0.3 దగ్గర, ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 1.7 దగ్గర. ఆ డయోడ్లని ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) ఫీడ్‌బ్యాక్‌లో, అంటే అవుట్‌పుట్ నుంచి వెనక్కి ఇన్‌పుట్‌కి వచ్చే దారిలో పెడితే శబ్దం అంచులు గుండ్రంగా విరుగుతాయి. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి పెడితే కత్తితో కోసినట్టు తెగుతాయి. ట్యూబ్ స్క్రీమర్‌లో డయోడ్లు ఫీడ్‌బ్యాక్‌లోనే ఉంటాయి. కానీ దాని అసలు గుట్టు డయోడ్లలో లేదు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దాని కింద 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఆ రెండిట్లో ఉంది. ఆ జత వల్ల 720 హెర్ట్‌జ్ కిందికి వెళ్ళేకొద్దీ పెంపు తగ్గిపోతుంది. అంటే లావు తీగల గుమ్మనే మోత పెద్దగా పగలదు, మధ్య స్వరాలే పగిలి ముందుకొస్తాయి. బేస్ గిటారూ డ్రమ్ములూ ఉన్న చోట ఆ మోత ఎలాగూ నీది కాదు, వాళ్ళకి వదిలెయ్. నీ సోలో పైకి తేలాల్సింది ఆ మధ్యలోనే. కాబట్టి ఆ వైపుని ఉంచు. ఆ కెపాసిటరు మాత్రం సాకెట్‌లో పెట్టి, 0.047తో ఒకసారి, 0.068తో ఒకసారి, 0.1తో ఒకసారి వాయించి చూడు. విలువ పెంచేకొద్దీ గొంతు లావవుతుంది. ఎక్కడ ఆపాలో నీ పదకొండేళ్ళ అనుభవం చెప్పాలి, నేను చెప్పకూడదు.

రెండో వైపుకి అదే పెట్టకు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఇద్దరూ మధ్య స్వరాలే అరిస్తే రెండు స్విచ్‌లూ నొక్కినప్పుడు ముక్కుతో పాడినట్టుంటుంది. రెండోది తక్కువ గెయిన్‌తో (పెంపుతో), కింది స్వరాలు కోయకుండా, తీగని మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొంచెం గరుకుగా పలికేది కావాలి. 1991లో మార్షల్ వాళ్ళు తెచ్చిన బ్లూస్‌బ్రేకర్ పెడల్ ఆ తరహాది. అనలాగ్ మ్యాన్ అనే పేరుతో పెడల్స్ కట్టే మైక్ పియెరా దాన్ని ఆధారం చేసుకుని, రెండు వైపులున్న కింగ్ ఆఫ్ టోన్ కట్టాడు. చేత్తో కట్టే ఆ పెడల్ కోసం జనం ఏళ్ళ తరబడి వరసలో ఉన్నారు. ఆయన పెట్టె లోపల చిన్న స్విచ్‌లు ఉంటాయి, ఒక్కో వైపు ఎలా పగలాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. అది నేర్చుకోదగ్గ తెలివి.

ఇప్పుడు రెండూ కలిసే చోటు. తక్కువ గెయిన్ వైపుని ముందు పెట్టు, ట్యూబ్ స్క్రీమర్ తరహాది వెనక. అప్పుడు మొదటి దాని వాల్యూమ్ ఇక వాల్యూమ్ కాదు, రెండోదాన్ని ఎంత గట్టిగా తొయ్యాలో చెప్పే మీట అవుతుంది. తిప్పితే శబ్దం పెద్దగా పెరగదు, చిక్కబడుతుంది. అందుకే రెండు వైపుల్నీ విడివిడిగా ట్యూన్ చేసి ఆఖర్న కలపకు. బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చి చూసే పలక) మీద మొదటి రోజు నుంచే పక్కపక్కన పెట్టు. ట్యూబ్ స్క్రీమర్ తరహా స్టేజి గెయిన్ సుమారు 12 రెట్ల నుంచి 118 రెట్ల దాకా వెళ్తుంది. నీ బొమ్మలో లాగా అలాంటివి రెండు వరసగా పూర్తిగా తెరిస్తే 13,900 రెట్లు దాటుతుంది. వాయిస్తున్నంతసేపూ డయోడ్లు పట్టి ఉంచుతాయి. తీగ మీంచి చెయ్యి తీశావా, పెడల్ బుస్సుమంటుంది. ముందు వైపు గెయిన్ తక్కువ ఉండమనడానికి ఇదీ ఒక కారణం.

గదిలో చిన్న సౌండ్‌తో విని విలువలు ఖాయం చెయ్యకు. చిన్న సౌండ్‌లో మన చెవికి కింది స్వరాలు తక్కువ వినిపిస్తాయి, చాలవనుకుని పెంచుతాం, స్టేజి మీద అదే బురదవుతుంది. నీ పాత బ్యాండ్ వాళ్ళు రిహార్సల్ చేసుకునే చోటికి బ్రెడ్‌బోర్డు పట్టుకెళ్ళు. తీగలు ఊడతాయని టెన్షన్ పడకు, టేపు వేసుకో.

వైరింగ్ దగ్గర నా సొంత పరువు తీసుకుంటాను. నేను కట్టిన మొదటి రెండు స్విచ్‌ల పెట్టె, ఏ వైపుకి ఆ వైపు నొక్కితే బంగారం. రెండూ నొక్కి, డ్రైవ్ మీటలు మూడు గంటల ముల్లు దాటించగానే కీచుమని ఏడుపు. రెండు రాత్రులు ఐసీలు మార్చాను, కెపాసిటర్లు మార్చాను. మూడో రాత్రి విసుగొచ్చి, అగ్గిపుల్లతో లోపలి వైర్లని ఊరికే పొడుస్తూ కూర్చున్నాను. ఒక పచ్చ వైరుని అంగుళం పక్కకి జరపగానే కీచు సన్నబడింది. ఇంకొంచెం జరిపితే ఆగిపోయింది. మొదటి వైపు ఇన్‌పుట్ వైరు, రెండో వైపు అవుట్‌పుట్ వైరు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. పెరిగి బయటికొచ్చిన సిగ్నల్ మళ్ళీ మొదటికే అంటుకుంటోంది. రిపేరు పనిలో అంత అనుభవం ఉండి, చక్కగా కనబడాలని వైర్లన్నీ జడలా అల్లి కట్టేశాను! అందం కోసం పోతే అదీ ఫలితం. నువ్వు ఇన్‌పుట్ జాక్ ఒక చివర, అవుట్‌పుట్ జాక్ ఇంకో చివర పెట్టు. ఇన్‌పుట్‌కి షీల్డు వైరు వాడు. ఆప్-ఆంప్‌లకి ఇచ్చే ఆ 4.5 వోల్టుల బయాస్‌ని (9 వోల్టుల్లో సగాన్ని) కూడా రెండు వైపులకీ ఒక్కటే తీశావు, విడదీసి ఎవరి రెసిస్టర్లు, ఎవరి కెపాసిటరు వాళ్ళకి ఇవ్వు.

చిన్నవి కొన్ని. స్విచ్ నొక్కితే టప్‌మనకుండా ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ ఒక్కో 1 మెగా ఓమ్ రెసిస్టరు గ్రౌండ్‌కి వెయ్. 9 వోల్టుల సాకెట్‌కి మధ్య పిన్ను నెగటివ్, దాదాపు అందరూ అదే వాడతారు. ఎవరో ఒకరు ఉల్టా అడాప్టర్ గుచ్చక మానరు, రక్షణ డయోడ్ తప్పకుండా పెట్టు. సోల్డర్ చేసేటప్పుడు ఐరన్ మొనని పిన్నుకీ ప్యాడ్‌కీ ఒకేసారి ఆనించి, సీసాన్ని మొన మీద కాదు, ఆ కీలు మీద కరిగించు. సరిగ్గా పడితే మెరుస్తూ అంచుల దాకా పాకి, మధ్యలో కొంచెం గుంట పడుతుంది. బొడిపెలా మసకగా నిలబడితే లోపల అంటుకోలేదన్నమాట. ఈ రోజు మోగుతుంది, మూడు నెలలకి పోతుంది. పాత ట్యూబ్ స్క్రీమర్లలో ఉండే జేఆర్‌సీ4558 ఐసీల కోసం వెతుకులాట మాత్రం మానెయ్. ఐసీ మార్పు కన్నా ఆ 0.047 మార్పే చెవికి ఎక్కువ తెలుస్తుంది. ఈ మాటకి కొందరు నాతో పోట్లాడతారు, పోట్లాడనీ.

ఇంకొకటి. ఫిన్నెగన్ తన సర్క్యూట్ ఎవరూ దించకుండా బోర్డు మీద ఎపాక్సీ పోసేవాడు. నువ్వూ పోద్దామనుకుంటున్నావని రాశావు. వద్దురా. రేపు అందులో ఒక కెపాసిటరు పోతే, నాలాంటి రిపేరువాడు ఆ నల్లటి ముద్దని చూసి నిన్ను తిట్టుకుంటాడు.

ఆ కాగితం సంగతి. "చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం" లాంటివి రాయకు. పదకొండేళ్ళు లీడ్ వాయించాను, సోలోలో గిటార్ మునిగిపోతుంటే ఎడమ వైపుది కట్టాను, పాట పాడేవాళ్ళ వెనక రిథమ్ కోసం కుడి వైపుది కట్టాను అని రాయి. ఆధారం చేసుకున్న సర్క్యూట్‌ల పేర్లు దాచకుండా చెప్పు, నువ్వు మార్చిన విలువలూ చెప్పు. సోల్డరింగ్ ఎవరు నేర్పారో రాస్తే రాయి, రాయకపోయినా నేనేమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.

మొదటి పెట్టెకి రంగు వెయ్యకుండా, వెనక మూత స్క్రూలు బిగించకుండా పంపు. ఆ ఇన్‌పుట్ వైరు ఏ దారిన వెళ్ళిందో నా కళ్ళతో చూడాలి.

నీ మావయ్య