ఎం సైజు బిర్రుగా ఉంది, ఎల్ సైజు హాయిగా ఉంది, ఏ హెల్మెట్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బండి తీసుకుని నెల కూడా కాలేదు, తల కొలిస్తే 58 సెంటీమీటర్లు వచ్చింది, షాపులో ఎం సైజు పెట్టుకుంటే బుగ్గలు నొక్కుకుపోయాయి, ఎల్ మాత్రం సుఖంగా దిగింది, షాపతనేమో "కొత్తవాళ్లకు బిగుతు పడదండీ, ఎల్ తీసుకోండి" అన్నాడు. ఇప్పుడేం చెయ్యాలి?

ఎల్ వద్దు. అంతమాత్రాన ఎం తీసుకోండి అని కూడా ఇప్పుడే అనలేను. మీరు బుగ్గల సంగతి చెప్పారు కానీ నుదుటి సంగతి చెప్పలేదు, అసలు చూడాల్సింది అదే.

నేను కొన్న మొదటి హెల్మెట్ ఎల్. పెట్టుకోగానే టోపీ పెట్టుకున్నంత తేలిగ్గా ఉంది, అద్దంలో కూడా బాగానే కనిపించింది, రెండు నిమిషాల్లో డబ్బులిచ్చి బయటపడ్డాను. నెల తిరిగేసరికి లోపలి స్పాంజి అణిగి అది ఇంకాస్త వదులైంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగినన్నాళ్లూ తేడా తెలియలేదు కానీ, హైవే ఎక్కి డెబ్బై దాటాక గాలి కిందనుంచి దూరి హెల్మెట్‌ని పైకి లేపేది, గడ్డం కింది పట్టీ గొంతుకు ఒరుసుకునేది. లేన్ మారేముందు పక్కకు తిరిగి చూస్తే ముందు నా తల తిరిగేది, హెల్మెట్ కాస్త ఆలస్యంగా తిరిగేది, ఆ అరక్షణం ఒక కంటికి రోడ్డు, రెండో కంటికి హెల్మెట్ అంచు. ఇదంతా మామూలే, అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ఊరుకున్నాను. కొత్తవాళ్లతో వచ్చే చిక్కే ఇది, పోల్చుకోవడానికి ఇంకోటి తెలియదు కదా.

తర్వాత ఒకరోజు మలుపులో ఇసుక మీద బండి జారింది. వేగం పెద్దగా లేదు, సైకిల్ మీద వెళ్లేంత. భుజం నేలకు తగిలింది, ఆ వెంటనే తల. తల తగిలేలోపే హెల్మెట్ ముందుకు జారి పై అంచు వచ్చి ముక్కు మీద కూర్చుంది, కళ్లజోడు వంగి ముక్కు దూలం చీరుకుంది. తలకేమీ కాలేదు, అది నా అదృష్టం. ఇంటికొచ్చి పట్టీ బిగించే ఉంచి హెల్మెట్‌ని వెనకనుంచి ముందుకు తోసి చూస్తే, పట్టీ ఉండగానే సగం ఊడి వచ్చేసింది. ఈ పరీక్షేదో షాపులోనే చేసి ఉంటే పోయేది.

హెల్మెట్ లోపల మెత్తగా తగిలే స్పాంజి మనల్ని కాపాడేది కాదు, అది తలను కదలకుండా పట్టుకోవడానికే. అసలు పని చేసేది దాని వెనకున్న థర్మాకోల్ లాంటి పొర, ఈపీఎస్ అంటారు. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలుగుతుంది, అది నలుగుతున్న ఆ కొంచెం సేపట్లో తల ఒక్కసారిగా కాకుండా క్రమంగా ఆగుతుంది. దాని మందం కొద్ది సెంటీమీటర్లే, అంటే తలను ఆపడానికి మనకు దొరికే దూరం కూడా అంతే. హెల్మెట్ వదులుగా ఉంటే తల ముందు ఆ ఖాళీలో స్వేచ్ఛగా వెళ్లి తర్వాత పొరను గుద్దుకుంటుంది, పైగా దెబ్బ తగిలే సమయానికి ఆ పొర ఉండాల్సిన చోట ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. పడినప్పుడు తల ఒక్కసారే తగలదు, ఎగిరి రెండోసారీ తగలొచ్చు. మొదటి దెబ్బకే ఊడిపోయిన హెల్మెట్ రెండో దెబ్బకు ఎందుకు పనికొస్తుంది చెప్పండి. హెల్మెట్ల మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (కాక్రేన్ అంటే వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ), హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతుందని లెక్కగట్టింది. ఆ లాభం దక్కాలంటే అది దెబ్బ తగిలే క్షణంలో తల మీదే ఉండాలి కదా.

ఇక నుదుటి విషయానికి వస్తాను, ఎందుకంటే నా రెండో తప్పు అక్కడ జరిగింది. మొదటిదానితో బుద్ధొచ్చి ఈసారి వేరే కంపెనీది ఎం తీసుకున్నాను. బిర్రుగా ఉంది, కదలట్లేదు, భేష్ అనుకున్నాను. పావుగంట తర్వాత నుదుటి మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కి పట్టుకున్నట్టు అనిపించడం మొదలైంది. కొత్తది కదా వాడగా వాడగా సర్దుకుంటుందిలే అని మూడు వారాలు భరించాను. ఎక్కడికి వెళ్లినా తలనొప్పితో దిగడం, తియ్యగానే నుదుటి మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. అది సర్దుకోలేదు, సర్దుకోదు కూడా. బుగ్గల దగ్గరుండేది మందపాటి స్పాంజి, అది వాడకంతో అణుగుతుంది. నుదుటి దగ్గర పలచటి గుడ్డా కాస్త స్పాంజీ, దాని వెనక నేరుగా ఆ గట్టి పొర. వాడినంత మాత్రాన అది మీ నుదుటి కోసం వంగదు.

కాబట్టి బుగ్గలు బిర్రుగా ఉంటే కంగారు పడకండి. కొత్త హెల్మెట్‌లో బుగ్గలు ముందుకు తోసుకొచ్చి మూతి చేప మూతిలా అవుతుంది, మాట్లాడితే మాట కాస్త ముద్దగా వస్తుంది, కొన్ని వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. మాట్లాడుతుంటే బుగ్గ లోపలివైపు పళ్ల కింద పడి నలుగుతుంటే మాత్రం అది ఎక్కువ బిగుతే. అప్పుడు కూడా సైజు పెంచక్కర్లేదు, చాలా మోడళ్లకు బుగ్గల ప్యాడ్లు వేరే మందంలో విడిగా దొరుకుతాయి, పలచటివి వేయించుకుంటే సరిపోతుంది. మీ షాపతను ఈ మాట చెప్పకుండా ఎల్ చేతిలో పెట్టడం నాకు నచ్చలేదు, ఆ రోజు షాపులో ఉన్న సరుకు వదిలించుకుంటున్నాడేమో.

నుదురుగానీ కణతలుగానీ ఒకే చోట పొడుస్తున్నట్టుంటే మాత్రం ఆ మోడల్ మీది కాదు. దాని ఎల్ తీసుకున్నా పని జరగదు, నొప్పి తగ్గుతుంది కానీ పక్కల్లో వదులొస్తుంది. తేడా సైజులో లేదు, ఆకారంలో ఉంది. 58 సెంటీమీటర్ల తలలు రెండు తీసుకుంటే ఒకటి ముందూ వెనకా పొడుగ్గా కోలగా ఉండొచ్చు, రెండోది గుండ్రంగా ఉండొచ్చు, టేపుకు రెండూ ఒకటే. మీ తల ఎలాంటిదో చూడాలంటే జుట్టు తడిపి అణచుకుని, ఇంట్లో ఎవరినైనా నడినెత్తి మీదనుంచి ఒక ఫొటో తియ్యమనండి. నాది చూసుకుంటే కోడిగుడ్డు లాగా ఉంది, అన్నేళ్లూ గుండ్రటి తల అనుకుంటూ బతికాను. కోల తలవాళ్లు గుండ్రటి హెల్మెట్ పెట్టుకుంటే నుదురూ వెనకా నొప్పి, చెవుల పైన ఖాళీ. గుండ్రటి తలవాళ్లు కోల హెల్మెట్ పెట్టుకుంటే కణతల దగ్గర నొప్పి, ముందూ వెనకా ఖాళీ. కొన్ని కంపెనీలు మోడల్ వివరాల్లో ఆకారం కూడా రాస్తాయి, చాలావాటికి పెట్టుకుని చూడటమే దారి.

కొలత కూడా ఇంకోసారి తీసుకోండి. కుట్టు టేపు కనుబొమ్మలకు ఒక అంగుళం పైన పెట్టి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా తిప్పండి. మూడుసార్లు తీసి వాటిలో పెద్దది రాసుకోండి. చాలా కంపెనీలకు 57-58 అంటే ఎం, 59-60 అంటే ఎల్, కానీ అందరి పట్టికా ఒకటి కాదు, అందుకే మీరు కొంటున్న కంపెనీ పట్టికే చూడాలి. మీది ఎం చివర్లో ఉంది కాబట్టి బిగుతు అనిపించడం వింతేమీ కాదు.

షాపుకెళ్లాక మొహమాటం వదిలేయండి. పట్టీలు రెండూ రెండు చేతులతో బయటికి లాగి పట్టుకుని పెట్టుకోండి, కొత్తది సరైన సైజైతే చెవులు మడతపడుతూ దిగుతుంది, మొదటిసారి కాస్త కుస్తీ పట్టాలి. పట్టీ బిగించి, దవడ కదలకుండా ఉంచి, గడ్డం దగ్గర పట్టుకుని హెల్మెట్‌ని పక్కలకు తిప్పండి, పైకీ కిందికీ ఆడించండి. నుదుటి చర్మం, బుగ్గలు దానితోపాటు కదలాలి, హెల్మెట్ చర్మం మీద జారకూడదు. నుదురుకీ లోపలి గుడ్డకీ మధ్య వేలు సులువుగా దూరుతుంటే వదులే. తర్వాత నా ఇంటి పరీక్ష: పట్టీ ఉండగానే వెనక అంచు కింద వేళ్లు పెట్టి పైకీ ముందుకీ గట్టిగా తొయ్యండి, లేదా తోడొచ్చినవాళ్లతో తోయించండి. ఊడి రాబోతున్నట్టుంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి, ఎంత అందంగా ఉన్నా సరే.

ఇవన్నీ అయ్యాక కూడా తియ్యకండి. అరగంట అలాగే ఉంచుకోండి, షాపులో అటూ ఇటూ తిరగండి, గ్లవ్స్ చూడండి, ఫోన్ చూసుకోండి. షాపతను చిరాగ్గా మొహం పెడతాడు, పెట్టనివ్వండి, నాకు నుదుటి నొప్పి మొదలైంది పావుగంట దాటాకే అని గుర్తుంచుకోండి. తీశాక అద్దంలో చూసుకోండి. బుగ్గల మీద సమానంగా ఎర్రబడితే ఫరవాలేదు, నుదుటి మీద ఒక్కచోట మచ్చ పడితే వద్దు. జుట్టు పొడుగ్గా ఉంటే రోజూ బండి మీద ఎలా వేసుకుంటారో అలాగే వేసుకుని వెళ్లండి, ముడి ఎత్తుగా ఉంటే హెల్మెట్ దాని మీద కూర్చుంటుంది, తల మీద కాదు. లోపల గుడ్డ కట్టుకునే అలవాటుంటే దానితోనే చూడండి.

పట్టీ రెండు డీ రింగులదైనా, టక్కుమని పడే బకిలైనా సరే, సరిగ్గా వేసుకుంటే రెండూ పనిచేస్తాయి. డీ రింగులైతే పట్టీ చివరను రెండు రింగుల్లోంచీ తీసి, తిరిగి ఒకదాని మీదుగా రెండోదాని లోపలికి లాగాలి. వేసుకున్నాక పట్టీకీ దవడకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండకూడదు.

ఏ రకం అంటే నా ఓటు ఫుల్‌ఫేస్‌కే. పడినప్పుడు గడ్డం, దవడ తగలడం అరుదేమీ కాదు, సగం హెల్మెట్‌లో ఆ భాగానికి ఏ రక్షణా లేదు. హెల్మెట్ మీద ఉండే భద్రతా ప్రమాణాల గుర్తుల విషయంలో మీ దేశంలో చట్టం అడిగేది తప్పనిసరిగా ఉండాలి. అది కాక యూరప్‌లో వాడే ఈసీఈ 22.06 ప్రమాణం గుర్తు ఉంటే నేను దానికే మొగ్గుతాను, పాత 22.05తో పోలిస్తే అందులో ఎక్కువ చోట్ల దెబ్బలు కొట్టి చూస్తారు, ఏటవాలుగా తగిలి తల గిర్రున తిరిగే రకం దెబ్బనూ పరీక్షిస్తారు. అమెరికా ప్రమాణమైన డాట్ గుర్తును మాత్రం తయారీదారే తనంతట తాను వేసుకుంటాడు, అందుకే ఉత్త స్టిక్కర్ చూసి మురిసిపోకండి. ఇక ఖరీదైనదే మంచిదన్న మాట నేను నమ్మను, గుర్తు ఉండి సరిగ్గా పట్టిన మామూలు హెల్మెట్ ముందు, సరిగ్గా పట్టని కార్బన్ హెల్మెట్ దండగ.

సెకండ్‌హ్యాండ్ వద్దు, స్నేహితుడిది అసలే వద్దు. దాని స్పాంజి అతని తలకు సర్దుకుని ఉంటుంది, అది ఎన్నిసార్లు కిందపడిందో అతనికే గుర్తుండదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి గీత కూడా లేకపోయినా లోపలి పొర నలిగిపోయి ఉండొచ్చు, నలిగిన పొర మళ్లీ ఉబ్బదు. కొత్తది కొన్నా లోపల తయారీ తేదీ చూసుకోండి, వాడకం మొదలెట్టిన ఐదేళ్లకు మార్చమని చాలామంది తయారీదారులే చెబుతారు. ఆన్‌లైన్లో కొనడమంటారా, వెనక్కి తీసుకుంటామని రాసి ఉంటేనే, అదీ వచ్చాక స్టిక్కర్లు పీకకుండా ఇంట్లోనే అరగంట పెట్టుకుని చూసి.

నా మూడో హెల్మెట్ కూడా ఎమ్మే, కోల తలకు సరిపోయే మోడల్. మొదటి పది రోజులు బుగ్గలు నొప్పెట్టాయి, తర్వాత ఎప్పుడు తగ్గాయో గమనించనేలేదు. పక్కకు తిరిగితే తలా హెల్మెట్టూ కలిసే తిరుగుతాయి.

మీరు మళ్లీ అదే షాపుకెళ్లి అదే ఎం అరగంట పెట్టుకుని చూడండి. నుదురు బాగుండి బుగ్గలు మాత్రమే బిర్రుగా ఉంటే అదే తెచ్చుకోండి. నుదురు పొడిస్తే ఎల్ అడక్కుండా వేరే మోడల్ ఎం అడగండి. కళ్లజోడు ఉంటే మర్చిపోకుండా వెంట తీసుకెళ్లండి, హెల్మెట్ పెట్టుకున్నాక దాని కాళ్లు కణతల పక్కనుంచి నొక్కుకోకుండా దూరాలి. నేను మొదటిసారి కాంటాక్ట్ లెన్సులతో వెళ్లాను, ఇంటికొచ్చాక కానీ గుర్తురాలేదు.