1960ల నాటి ప్రింట్లలో మనుషులు యంత్రాల్లా ఎందుకు ఉంటారు?

బ్రిటిష్ కళాకారుడు ఎడ్వార్డో పావొలొట్సీ ప్రింట్లలో మనుషుల ఒంట్లో పళ్లచక్రాలు, పైపులు ఎందుకుంటాయి, అది పరిశ్రమల మీద విమర్శేనా అని అడిగారు. ఒట్టి విమర్శగా చూస్తే సగం చేజారిపోతుందని నా నమ్మకం. నేను హైదరాబాద్‌లో పెళ్లికార్డులు, స్టిక్కర్లు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో కొన్నేళ్లు పనిచేశాను. తర్వాత ఉద్యోగం కోసం బ్రిటన్ వచ్చాక ఆయన ప్రింట్లను దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఆ పని తెలిసినవాడిగా నాకు అర్థమైంది చెబుతాను.

ముందు 'ఆటోమొబైల్ హెడ్' చూడండి. 1954లో మొదలైన పని అది. మనిషి తల ఆకారం, లోపలంతా కారు విడిభాగాలు. ఆ భాగాల్ని ఎంత ఇష్టంగా ఏరి పేర్చాడో చూస్తే తెలిసిపోతుంది. ఎడిన్‌బరో పక్కన లీత్‌లో పావొలొట్సీ వాళ్ల నాన్నది ఐస్‌క్రీమ్ దుకాణం. చిన్నప్పటి నుంచీ పత్రికల్లోని బొమ్మలు, సిగరెట్ పెట్టెల్లో వచ్చే కార్డులు పోగుచేసేవాడు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే, ఇటాలియన్ కుటుంబం కాబట్టి ఈ కుర్రాణ్ణి నిర్బంధించారు. తండ్రిని, తాతను, మామను కెనడాకు పంపుతున్న 'అరండోరా స్టార్' ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ముగ్గురూ చనిపోయారు. యంత్రాన్ని అంతగా ప్రేమించినవాడికి అది ఏం చేయగలదో కూడా తెలుసు. అందుకే ఆ బొమ్మల్లో మెచ్చుకోలూ భయమూ విడదీయలేనట్టు కలిసే ఉంటాయనిపిస్తుంది నాకు.

అసలు విషయం తయారీలో ఉంది. 1965లో వచ్చిన 'యాజ్ ఈజ్ వెన్' 12 స్క్రీన్‌ప్రింట్ల వరుస, తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ గురించి. (ఆయన కూడా తత్వశాస్త్రంలోకి రాకముందు మాంచెస్టర్‌లో విమానాల ఇంజనీరింగ్ చదివాడు.) లండన్‌లోని కెల్‌ప్రా స్టూడియోలో క్రిస్ ప్రేటర్ వాటిని అచ్చువేశాడు. ఆయన కమర్షియల్ ప్రింటింగ్ నుంచి వచ్చినవాడు, చేత్తో స్టెన్సిల్ కోయడంలో దిట్ట. మా షాపులో రెండు రంగుల కార్డుకే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చోవడం) టెన్షన్ ఉండేది. ఒక రంగు ఆరాక రెండోది వేస్తాం, వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్లగీత తేలుతుంది. ఈ ప్రింట్లలో చారలు, గళ్లు, చుక్కలు ఎన్నో చోట్ల అంచుకు అంచు తగులుతాయి. పనిగట్టుకుని వెతికాను, అలాంటి గీత ఒక్కటీ కనిపించలేదు.

'విట్‌గెన్‌స్టైన్ ఇన్ న్యూయార్క్'లో మనిషి శరీరం లోపలి భాగాలు యంత్రం బొమ్మలా కనిపిస్తాయి, చుట్టూ ఆకాశహర్మ్యాలు. ఇదే ఆయిల్ పెయింటింగ్ అయితే కుంచె చర్మానికి ఒక మెత్తదనం, ఇనుముకు ఒక గరుకుదనం ఇచ్చేది. స్క్రీన్ మీద సిరాను లాగే రబ్బరు పట్టీకి, అంటే స్క్వీజీకి, ఆ తేడా లేదు. చెంప మీదైనా భవనం మీదైనా సిరాను ఒకే మందంతో పరుస్తుంది. పరిశ్రమ అక్కడ బొమ్మలో వస్తువుగా ఉండటమే కాదు, మనిషిని గీసిన పద్ధతి కూడా అదే. మనిషికీ యంత్రానికీ మధ్య గీత ఎక్కడుందో కంటికి దొరక్కపోవడానికి నా లెక్కలో పెద్ద కారణం ఇదే. ఫోన్‌లో చూస్తే ఇది తెలియదు, కాగితం మీద సిరా పొర కనిపించాలి.

ఎడిన్‌బరోలోని మోడర్న్ టూ గ్యాలరీలో పావొలొట్సీ స్టూడియోను తిరిగి అమర్చి పెట్టారు, ఆయన చేసిన 'వల్కన్' అనే పెద్ద ఉక్కు మనిషి కూడా అక్కడే ఉంటాడు. లండన్ వెళ్లేవాళ్లయితే బ్రిటిష్ లైబ్రరీ ఆవరణలో ఆయనే చేసిన 1995 నాటి న్యూటన్ కంచు విగ్రహం చూడండి, ముఖ్యంగా కీళ్ల దగ్గర బిగించిన బోల్టులు.