మీ బాపు బండి టైర్ల గురించి

చిన్నా,

మొన్న ఫోన్లో బాపు బండిని హైదరాబాద్ తీసుకుపోతానని నువ్వంటే నాకు గొంతు పట్టేసింది. ఆరేళ్లుగా మెట్ల కింద టార్పాలిన్ కప్పుకొని నిలబడ్డ స్ప్లెండర్ మళ్లీ రోడ్డెక్కుతుందంటే నాకంటే సంతోషించేవాడు ఇంకెవరుంటారు? కానీ ఆ వెంటనే నువ్వన్న మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "టైర్లు కొత్తవే పెద్దబాపూ, బండి ఏడు వేల కిలోమీటర్లే తిరిగింది, నేల తాకే రబ్బరు బటన్లు నిండుగా ఉన్నాయి" అన్నావు. ఈ సంగతి ఫోన్లో అరకొరగా చెప్పేది కాదు. అందుకే రాస్తున్నా, ఓపికగా చదువు.

నిన్న పొద్దున మీ ఇంటికి పోయి బండి చూసొచ్చా. ముందు టైరు పక్క భాగాన్ని తడిగుడ్డతో తుడిచి టార్చి వేస్తే, చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు కనిపించాయి: 0816. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2016లో ఎనిమిదో వారం, ఫిబ్రవరి చివర్లో ఆ టైరు అచ్చులోంచి బయటికొచ్చింది. వెనక టైరుదీ అదే ఏడాది. పదో ఏడు నడుస్తున్న టైర్లు బిడ్డా అవి. మీటరు ఏడు వేలు చూపిస్తే చూపించనీ, టైరు వయసు మీటరులో ఉండదు.

తర్వాత బొటనవేలి గోరు పెట్టి నడి బటన్ మీద గట్టిగా నొక్కా. మంచి టైరైతే గోరు కొంచెం దిగుతుంది, తీయగానే ఆ గుర్తు మెల్లగా మానిపోతుంది. ఇక్కడ గోరు దిగలేదు. గేదె కొమ్ము మీద నొక్కినట్టే ఉంది. బటన్ల మధ్య గాడిని వేళ్లతో విప్పి చూస్తే అడుగున వెంట్రుకంత సన్నటి బీటలు, ఎండిన చెరువు మట్టిలా అల్లుకొని ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పైపెచ్చు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎందుకో మీ అమ్మనడిగితే చెప్పింది: ప్రతి పండక్కీ బండి తుడిచి, టైర్లకు కూడా కాస్త కొబ్బరినూనె రాస్తుందట. ఆ మాట విన్నాక నేనేమీ అనలేకపోయా. నువ్వు కూడా అనకు. ఇకమీదట నూనె వద్దని మాత్రం మెల్లగా చెప్పు. నేల తాకే చోట నూనె ఉంటే జారుతుంది, పైగా నూనెలు రబ్బరును ఉబ్బించి బలం తీసేస్తాయి.

నేను ఆర్టీసీ టైరు రీట్రెడింగ్ షాపులో పనిచేసి రిటైరైనవాణ్ని. అరిగిన బస్సు టైర్లకు రీబటన్ వేయడమే, అంటే పైన కొత్త రబ్బరు అతికించడమే నా బతుకు. పచ్చి రబ్బరులో గంధకం కలిపి, అచ్చులో పెట్టి 150 డిగ్రీల దాకా కాలిస్తే, విడివిడి దారాల్లా ఉన్న రబ్బరు అణువుల మధ్య ముడులు పడతాయి. ఆ ముడుల వల్లే రబ్బరు సాగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. టైరు అచ్చులోంచి బయటికొచ్చాక కూడా ఈ పని పూర్తిగా ఆగదు. ఎండ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలు ఏళ్ల తరబడి మెల్లగా బయటికి పోతాయి. రెండూ కలిసి రబ్బరు బిగుసుకుపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని మాకు ట్రైనింగులో చెప్పేవారు. మన కరీంనగర్ ఎండలు నీకు తెలియనివా, మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే.

ఇంకోటి ఓజోన్. గాలిలో అది ఉండేది చాలా కొంచెమే, కానీ సాగి ఉన్న రబ్బరును అది కత్తిలా కోస్తుంది. అందుకే తయారుచేసేటప్పుడే రబ్బరులో మైనం, ఓజోన్‌ను అడ్డుకునే మందు కలుపుతారు. బండి నడుస్తూ టైరు నలుగుతుంటే ఆ మైనం లోపల్నుంచి పైకి ఊరి పలచటి పొరలా కప్పుకుంటుంది. నిలబెట్టిన బండికి ఈ నలుగుడు ఉండదు, మైనం పైకి రాదు. వాడకుండా దాచిపెడితే టైరు కొత్తగా ఉంటుందని అందరూ అనుకునేది ఇక్కడే తప్పవుతుంది. నడిచే టైరు పైనుంచి అరుగుతుంది, నిలబడ్డ టైరు లోపల్నుంచి ఎండుతుంది. మీ ఎదురింట్లో వెల్డింగ్ షాపు. వెల్డింగ్ మెరుపుల దగ్గర ఓజోన్ పుడుతుంది, అది కూడా దానికి తోడైంది.

రబ్బరు గట్టిపడితే పట్టు ఎందుకు పోతుందో చెప్తా. మీ పెద్దమ్మ సర్వపిండి చేయడం చూశావుగా. తడిపిండిని గిన్నెకు ఒత్తితే గిన్నె లోపలి గీతలన్నీ పిండి మీద పడతాయి, వేళ్ల గుర్తులు కూడా పడతాయి. అదే కాలిన రొట్టెను గిన్నెకెంత అదిమినా ఏ గుర్తూ పడదు. తారు రోడ్డును చేత్తో తడిమి చూడు, అంతా కంకర మొనలే. మెత్తటి రబ్బరు బరువు పడగానే ఆ మొనల మధ్యలోకి దిగి పట్టుకుంటుంది. గట్టిపడ్డ రబ్బరు మొనల మీద పైపైన తేలుతుంది. పొడిరోడ్డు మీద రబ్బరు రాయికి అంటుకునే గుణం కూడా కొంత సాయం చేస్తుంది, అందుకే ముసలి టైరు ఎండాకాలమంతా బాగానే ఉన్నట్టు నమ్మిస్తుంది. వాన పడితే నీటిపొర ఆ అంటుకోవడాన్ని తెంచేస్తుంది. ఇక మిగిలేది మొనల మధ్యలోకి దిగే పట్టే. అది ఈ టైర్లకు లేదు. నువ్వేమో మృగశిర కార్తె దాటాక, వానలు మొదలయ్యాక బండి తీస్తానంటున్నావు.

కారుకు నాలుగు చక్రాలు, ఒకటి జారితే మూడు ఆపుతాయి. నీ బండి రోడ్డును తాకేది ముందొక అరచేయంత, వెనకొక అరచేయంత, అంతే. ముందు టైరు జారితే సర్దుకునే సమయం ఉండదు, జారిందని తెలిసేలోపే కింద ఉంటావు. పైగా అది 2016 బండి, రెండు చక్రాలకూ కలిపి పడే బ్రేకు లేదు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. గట్టిగా నొక్కావా, చక్రం బిగుసుకుపోతుంది.

ఇది పుస్తకం చదివి చెప్పేది కాదు. 1997లో నాకొక పాత స్కూటర్ ఉండేది. దాని స్టెపినీ వెనక ఎండకూ వానకూ ఏళ్ల తరబడి అలాగే వేలాడింది, ఒక్కరోజు కూడా రోడ్డు మీద తిరగలేదు. ముందు చక్రం పంక్చరైతే దాన్ని బిగించా. బటన్లు చూసి, కొత్త టైరు ఇన్నాళ్లకు పనికొచ్చింది అనుకున్నా. మూడో రోజు సాయంత్రం మీ పెద్దమ్మను ఎక్కించుకొని బజారు నుంచి వస్తున్నా. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. తొలి చినుకులకు రోడ్డు మీది దుమ్ము, ఆయిలు తేలి మహా జారుడుగా ఉంటుంది. మలుపులో ఎదురుగా మేక అడ్డం వస్తే బ్రేకు మీద కాలేశా, ముందు బ్రేకు కూడా పట్టా. వేగం ఎంతో కాదు, సైకిలు కంటే కొంచెం ఎక్కువ. ముందు చక్రం కాళ్ల కిందినుంచి చాప లాగేసినట్టు పోయింది. మీ పెద్దమ్మ కుడి మణికట్టు విరిగింది. చలికాలం వస్తే ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు. పొద్దంతా బస్సు టైర్లను తడిమి, తట్టి, పనికొచ్చేదీ పనికిరానిదీ తేల్చే మనిషిని నేను. నా సొంత స్కూటర్ టైరు మీద ఒక్కసారి గోరు పెట్టి నొక్కలేదు. ఆ తప్పు నాది, నొప్పి ఆమెది.

అందుకే చెప్తున్నా, రెండు టైర్లూ మార్చు. వెనకది మాత్రం మార్చి ముందుది ఉంచుతానని బేరం పెట్టకు. చాలామంది అలాగే చేస్తారు, వెనకది త్వరగా అరుగుతుంది కాబట్టి. నీ విషయంలో ముందుదే ఎక్కువ భయం. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం గాలిలో ఉంది, ముందు చక్రం ఆరేళ్లూ గాలి లేకుండా ఒకేచోట నలిగి నిలబడింది. ఆ మడతలో లోపలి దారాలు కూడా దెబ్బతిని ఉంటాయి. గాలి కొట్టి చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. ట్యూబులు కూడా రబ్బరే, వాటినీ మార్చు. రిమ్ము మీది రబ్బరు పట్టీ కూడా చూడమను, చువ్వల మొనలు పైకొచ్చి ఉంటే కొత్త ట్యూబునూ పొడుస్తాయి.

పోలీసు ఆపితే ఏమీ అనడు కదా అనుకుంటావేమో. నిజమే, అనడు. మన మోటారు వాహనాల నిబంధనల్లో రెండు చక్రాల బండికి బటన్ లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఉంది, నీ టైర్లకు అంతకంటే బోలెడంత ఉంది. ఆ లెక్క లోతును మాత్రమే అడుగుతుంది. బ్రిటన్‌లో 2012లో ఒక ప్రయాణికుల బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు, చూస్తే ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఎంతో పోరాడితే, 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ బస్సుల, లారీల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదన్నారు. టైరు కంపెనీలు కూడా, 5 ఏళ్లు దాటాక ఏడాదికోసారి చూపించుకోండి, 10 ఏళ్లయితే బటన్ ఎంతున్నా తీసేయండి అంటాయి. నన్నడిగితే మన ఎండల్లో బైకుకు పదేళ్లు ఎక్కువ. ఆరో ఏడు రాగానే నేనైతే మార్చేస్తా.

షాపుకు పోయినప్పుడు ముందు ఆ నాలుగంకెలు నువ్వే చదువు. నాకొకసారి ఒక షాపులో నాలుగేళ్ల కిందటి టైరు కొత్తదని అంటగట్టబోయారు, కాగితం చుట్టి ఉంది, కొత్త టైరు మీదుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. తిప్పి చూసి తిరిగిచ్చేశా. ఏడాదిలోపు తయారైంది ఇవ్వమని అడుగు, మొహమాటపడకు, ఆ షాపులో లేకపోతే పక్క షాపు. బైకుకు రీబటన్ టైరు ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. రీబటన్ మీద బతికినవాణ్ని చెప్తున్నా, పాత టైరును పరీక్షించే సరంజామా మాకుండేది, రోడ్డు పక్క షాపులో ఉండదు. ముందు టైరు, వెనక టైరు డిజైన్లు వేరు, బండి మీద రాసిన సైజే తీసుకో. టైరు మీద బాణం గుర్తుంటే చక్రం తిరిగే వైపుకు ఉండాలి. ఎక్కించేటప్పుడు అంచుకు సబ్బునీళ్లు రాయమను, ఇంజనాయిలు రాయనివ్వకు. గాలి పట్టాక రిమ్ము పక్కన టైరు మీదుండే సన్న గీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో వేలు తిప్పి చూడు. రెండు టైర్లు, ట్యూబులు, కూలి కలిపి నాలుగు వేలకు అటూ ఇటూ అవుతుంది. ఆ డబ్బు నేను పంపుతా, అందులో వాదన వద్దు.

కొత్త టైరు కూడా మొదట్లో జారుతుంది. అచ్చుకు అతుక్కోకుండా పూసిన మందు పైపొర మీద ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా పో, మలుపుల్లో బండిని ఎక్కువ వాల్చకు, సడన్ బ్రేకు వద్దు. అందుకే టైర్లు మార్చిన రోజే హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి ఎక్కకు. నాలుగైదు రోజులు ఊళ్లోనే తిరుగు, మానకొండూరు దాకా పోయిరా. సిద్దిపేట దాటాక లారీల మధ్య నేర్చుకునే పని కాదది.

హైదరాబాద్‌లో వాటర్ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు డీజిల్ కొట్టి కడిగితే టైర్లకు తగలనివ్వకు. మెరుపు కోసం పూసే పాలిష్ కూడా వద్దని ముందే చెప్పు. టైరు కొంచెం గోధుమరంగుకు తిరిగితే కంగారుపడి రుద్దకు, ఆ రంగు ఓజోన్‌ను అడ్డుకునే మందు పైకొచ్చిందనడానికి గుర్తు. వారానికోసారి గాలి చూడు, టైరు చల్లగా ఉన్నప్పుడు. బండిని నీడలో పెట్టు. వాడని వారాల్లో కూడా ఒక రౌండు తిప్పు.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. బాపు తాకిన బండిలో ఒక్క బోల్టు కూడా మార్చొద్దని నీకుంది. సీటు అలాగే ఉంచు. ట్యాంకు మీద బాపు అతికించిన కొమురవెల్లి మల్లన్న స్టిక్కరు అలాగే ఉంచు. హ్యాండిల్ గ్రిప్పుల మీద వాడి అరచేతి అరుగు ఉంది, నేను నిన్న పట్టుకొని చూశా, అదీ ఉండనీ. వాడు బతికుండగా వానాకాలం ముందు టైర్లు చూడకుండా బండి తీసేవాడు కాదు, ఆ రోజుల్లో నాకు చూపించడానికి మా షాపు దాకా తెచ్చేవాడు.

పాత టైర్లను పంక్చర్ షాపులో వదిలేసి రాకు. బటన్లు చూసి ఎవరో ఒకరు వేసుకుంటారు. ఇంటికి తెచ్చెయ్, నేనొచ్చి అంచులు కోసేస్తా. కొత్త టైర్లు ఎక్కించాక రెండింటి మీదా ఆ నాలుగంకెలు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. ఆ ఫోటో వచ్చాకే తాళంచెవి ఇవ్వమని మీ అమ్మకు చెప్పి వచ్చా.

మీ పెద్దబాపు