లిమిట్స్ ఫైలులో మెమరీ హద్దు పెట్టినా ల్యాబ్ సర్వర్ ఎందుకు స్తంభిస్తుంది?

శ్రీకాకుళంలోని మీ కళాశాల ల్యాబ్‌లో విద్యార్థులందరూ ఒకే లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అవుతారనీ, లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలులో 2 జీబీ మెమరీ పరిమితి పెట్టినా ఒక్క విద్యార్థి ప్రోగ్రామే సర్వర్ మొత్తాన్ని నిలిపివేస్తోందనీ రాశారు. విజయనగరంలో ఇటువంటి సర్వర్‌నే నేను చూసుకుంటున్నాను. బొబ్బిలి, గజపతినగరం వైపు నుంచి బస్సుల్లో వచ్చే మా పిల్లలు ల్యాబ్ సమయం దాటి ఆగలేరు కనుక, ఈ విషయాన్ని చిన్న ఇబ్బందిగా నేను చూడను.

మీరు పెట్టిన పరిమితి పనిచేస్తూనే ఉంది, కానీ అది విద్యార్థికి కాక అతని ఒక్కొక్క ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రాంకు, వర్తిస్తోంది. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపంతో వచ్చిన, ఇలాంటి హద్దులు పెట్టే సెట్‌ఆర్‌లిమిట్ పద్ధతిలో, ఫోర్క్ (ప్రాసెస్ తన నకలును పుట్టించడం) ద్వారా పుట్టిన పిల్ల ప్రాసెస్‌కు తల్లి ప్రాసెస్ పరిమితులే సంక్రమిస్తాయి గాని, మెమరీ లెక్క మాత్రం దేనికది వేరుగా సాగుతుంది. కాబట్టి పది ప్రాసెస్‌లు కలిసి 20 జీబీ వరకు వాడుకున్నా లినక్స్ మూలభాగమైన కెర్నెల్ అభ్యంతరపెట్టదు.

అదే ఫైలులో ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టే ఎన్‌ప్రాక్ ఇందుకు భిన్నం. అది యూజర్ ఐడీ మొత్తానికి లెక్కిస్తుంది, థ్రెడ్లను (ఒక ప్రాసెస్‌లోనే సమాంతరంగా నడిచే పనులను) కూడా కలుపుకుంటుంది. సర్వాధికార ఖాతా అయిన రూట్‌కు మాత్రం వర్తించదు. లూప్‌లో ఫోర్క్ రాసిన విద్యార్థి ఈ హద్దును తాకగానే, అతని టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కూడా నడవదు, ఎందుకంటే ఎల్ఎస్ నడవాలన్నా కమాండ్లు అందుకునే షెల్ మరో ప్రాసెస్‌ను పుట్టించాలి. అయితే బాష్ అనే షెల్‌లో, ప్రాసెస్‌లను ఆపే కిల్ అన్నది షెల్‌లోనే ఉన్న కమాండ్ కనుక అది నడుస్తుంది. ఆ విద్యార్థి ఖాతాలోనే, రూట్‌లో ఎంతమాత్రం కాకుండా, కిల్ తరువాత మైనస్ 9, మైనస్ 1 అని ఇస్తే ఆ షెల్ తప్ప అతని ప్రాసెస్‌లన్నీ ఆగిపోతాయి. ఇది విద్యార్థులకు మొదటి తరగతిలోనే నేర్పదగిన విషయమని నా అభిప్రాయం.

ఒక్కో విద్యార్థి వాడే మొత్తం మెమరీని అదుపు చేయాలంటే, ప్రాసెస్‌లను గుంపుగా కట్టి వాటి వాడకానికి హద్దు పెట్టే సీగ్రూపులే దారి. గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008లో లినక్స్ 2.6.24తో కెర్నెల్‌లో చేరింది. నేడు సర్వర్‌లోని సేవలను నడిపించే సిస్టమ్‌డీ, లాగిన్ అయిన ప్రతి యూజర్‌కూ స్లైస్ అనే ఒక సీగ్రూపును తానే ఏర్పరుస్తుంది కాబట్టి, యూజర్ స్లైస్‌లన్నిటికీ వర్తించే డ్రాప్-ఇన్ (అదనపు అమరికల) ఫైలు ఒకటి రాసి, స్లైస్ విభాగంలో మెమరీమ్యాక్స్ (మెమరీ హద్దు), టాస్క్స్‌మ్యాక్స్ (ప్రాసెస్‌లు, థ్రెడ్ల సంఖ్య హద్దు) విలువలు ఇచ్చి, సిస్టమ్‌డీ వాటిని మళ్లీ చదివేలా డెమన్-రీలోడ్ చేస్తే చాలు. జావా ప్రోగ్రాములు చాలా థ్రెడ్లు తెరుస్తాయి గనుక టాస్క్స్‌మ్యాక్స్‌ను మరీ బిగించకండి.

ఇక్కడ చాలామంది వదిలేసే అంశం స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు భాగం. మెమరీమ్యాక్స్ ఒక్కటే పెడితే ఆ ప్రోగ్రాం స్వాప్‌లోకి పొంగి, డిస్కు మీద భారం పెరిగి, సర్వర్ మళ్లీ మందగిస్తుంది. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్న యంత్రంలో స్వాప్ హద్దు అయిన మెమరీస్వాప్‌మ్యాక్స్‌ను సున్నా చేస్తే, హద్దు దాటినప్పుడు ఆ స్లైస్‌లోని ప్రాసెస్‌నే కెర్నెల్ ముగిస్తుంది, పక్క విద్యార్థి పని సాగిపోతుంది.

అమలు చేశాక ఒక పరీక్ష ఖాతాతో లాగిన్ అయి, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో ఆ యూజర్ స్లైస్‌ను చూడండి; మెమరీ వరుసలో మీరు ఇచ్చిన గరిష్ఠ విలువ కనిపించాలి.